మౌనంగా ఉండే బిడ్డ



అమెరికా రచయిత్రి మెగ్ వోలిట్జర్ 2014లో యౌవనస్థుల కొరకు ‘బెల్‌జార్’ అనే నవల వ్రాశారు. దుఃఖంతో మనస్సు చితికిన జామ్ అనే అమ్మాయిని వెర్మాంట్‌లోని ఒక బడికి పంపుతారు. ఆ తరగతిలో ఐదుగురే పిల్లలు. పంతులమ్మ వారిచేత సిల్వియా ప్లాత్ రచనలే చదివిస్తుంది, తలా ఒక పాత నోటుబుక్కు ఇచ్చి వ్రాయమంటుంది. కృంగుదలతో పోరాడి, 1963లో 30 ఏళ్లకే తన ప్రాణం తానే తీసుకున్న కవయిత్రి ప్లాత్. దెబ్బతిన్న పిల్లలకు ఆమె పుస్తకాలా అని మీకు అనిపించవచ్చు. నోట రాని బాధకు వారికి అక్కడే మాటలు దొరుకుతాయి. అయితే కవిత్వం మందు కాదు సుమా!

మన ఇండ్లలో ఇలాంటి బిడ్డను సోమరి అంటాము, గాలి సోకిందంటాము. నిద్ర, తిండి తగ్గి రెండు వారాలైతే వైద్యునికి చూపించండి. చావు మాట వినబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ నోటుబుక్కు మాత్రం చాటుగా తెరవకండి. “నాకు చదివి వినిపిస్తావా, అమ్మా?” అని అడగండి.