ఆ లైటు నోరు నొక్కొద్దు

మెకానిక్ అన్నలకు, ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లకు, కార్ డెకార్ షాపుల వాళ్లకు, కారున్న ప్రతి ఇంటికీ ఈ మాట. విజయవాడ ఆటోనగర్ మొదలు సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా చేతిపనిని నమ్ముకుని బతికే మనమంతా కలిసి ఒక పని మానేయాలి. బయటి స్టీరింగ్ బిగించాక మీటరులో వెలిగే ఎయిర్‌బ్యాగ్ లైటును మాయచేసి ఆర్పడం ఆపేయాలి. ఒక షెడ్డువాడు కాదంటే పక్క షెడ్డువాడు ఒప్పుకుంటున్నాడు కాబట్టే ఇది ఇన్నాళ్లూ సాగుతోంది. అందరం ఒక్కమాట మీద నిలబడితే ఒక్కరోజులో ఆగిపోతుంది.

ఆ పని ఎలా జరుగుతుందో మనకు కొత్త కాదు. రేసు కార్లలో ఉండేలాంటి చిన్న స్టీరింగ్ కొనుక్కుని ఓ కుర్రాడు వస్తాడు. కంపెనీ స్టీరింగ్ విప్పుతాం. దాని నడుమ ఉన్న బ్యాగ్ ఊడి చేతికొస్తుంది. కొత్తదాని మధ్యలో దాన్ని బిగించే లోహపు బాసు, దానిమీద హారన్ బటన్; బ్యాగ్‌కు చోటే ఉండదు. కీ ఆన్ చేయగానే లైటు వెలుగుతుంది, ఎంతకీ ఆరదు. అప్పుడు ఎయిర్‌బ్యాగ్ వైర్ల పసుపు కప్లర్‌లో రెండు మూడు ఓముల రెసిస్టర్ గుచ్చి, టేపు చుడతాం. లైటు ఆరిపోతుంది. కుర్రాడు సంబరంగా డబ్బులిచ్చి వెళ్తాడు.

ఎందుకు ఆరింది? ఎయిర్‌బ్యాగ్ యూనిట్ కారు నడిచినంతసేపూ చాలా కొద్దిపాటి కరెంటు పంపి బ్యాగ్ ఉందా లేదా అని తడిమి చూసుకుంటూ ఉంటుంది. బ్యాగ్‌ను పేల్చే ఇగ్నైటర్ నిరోధం దాదాపు రెండు ఓములు. రెసిస్టర్ కూడా అంతే చూపిస్తుంది గనక యూనిట్ మోసపోతుంది. రేపు హైవే మీద ఎదురుగా లారీ వచ్చి గుద్దిన క్షణాన అదే యూనిట్ తన ధర్మం తాను చేస్తుంది, పేలమని కరెంటు పంపుతుంది. ఆ కరెంటు అందుకునేది మనం పెట్టిన రెసిస్టర్. అసలు బ్యాగ్ ఉంటే సెకనులో వందో వంతులు మూడు నాలుగు గడిచేలోపు నిండి ముఖానికి అడ్డొచ్చేది. అది లేని చోట ఆ కుర్రాడి ఛాతీ, దవడ వెళ్లి తగిలేది ఆ లోహపు బాసుకే.

‘లైటు వెలుగుతూ ఉంటే చాలా కార్లలో పక్క సీటు బ్యాగ్, బెల్టు బిగించే ప్రిటెన్షనర్ కూడా పనిచేయవు, రెసిస్టర్ పెడితే కనీసం అవైనా బతుకుతాయి’ అని కొందరు పనిమంతులు వాదిస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఆ కారు రేపు అమ్ముడుపోతుంది. కొన్నవాడు మీటరు చూసి అన్నీ బాగున్నాయనుకుని భార్యాబిడ్డల్ని ఎక్కించుకుంటాడు. అతనికి బ్యాగ్ లేదన్న సంగతి ఎవరు చెబుతారు? రేసు ట్రాకు మీద బ్యాగ్ లేని స్టీరింగ్‌కు తోడుగా హెల్మెట్, భుజాల మీదుగా బిగించే బెల్టులు, లోపల రోల్ కేజ్ ఉంటాయి. ఆ స్టీరింగ్ ఉండాల్సిన చోటు అది.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. గుద్దుకుని బ్యాగ్ పేలిన కారును తక్కువకు కొని, చిరిగిన మూతను అతికించి, లోపల రెసిస్టర్ పెట్టి, మెరుగులు దిద్ది అమ్మేయడం. చేతనైన పనివాడు సాయం పట్టనిదే ఈ మోసం జరగదు. ఆ చెయ్యి మనది కాకూడదు.

2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కారుకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. 2017 డిసెంబరులో ముందువైపు ఇనుప గార్డులు వద్దని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. బ్యాగ్ పేలడానికి అవి అడ్డొస్తాయన్నది అందుకు ఒక కారణం. అనుమతిలేని మార్పు ఒక్కోదానికి యజమానిపై 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ అని మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ చెబుతోంది. చట్టం భయం మనకు అక్కర్లేదు, బిడ్డల ప్రాణం చాలు.

స్టీరింగ్ మార్చుకోవాలన్న సరదా తప్పేం కాదు. అదే మోడల్ పై వేరియంట్‌లో వచ్చే కంపెనీ స్టీరింగ్, పాత బ్యాగ్‌నే అచ్చంగా పట్టేదైతే, పెట్టండి. లేదా ఉన్నదానికే మంచి తోలు కుట్టించండి, బ్యాగ్ మూత జోలికి మాత్రం పోకుండా. విప్పేటప్పుడు చక్రాలు సూటిగా ఉంచి, కీ తీసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి, ఆ కారు మాన్యువల్ ఎంతసేపు ఆగమంటే అంతసేపూ ఆగండి. బ్యాటరీ తీసినా యూనిట్‌లోని కెపాసిటర్ కొంతసేపు కరెంటు దాచుకునే ఉంటుంది. బ్యాగ్‌ను మల్టీమీటరుతో కొలవొద్దు, ఆ కాస్త కరెంటే దాన్ని పేల్చగలదు. మూత పైకి ఉండేలా పక్కన పెట్టండి. స్టీరింగ్ వెనక ఉండే క్లాక్ స్ప్రింగ్‌ను తిప్పేయొద్దు. నడుమకు లేకుండా బిగిస్తే లోపలి రిబ్బన్ తెగుతుంది. లైటుతోపాటు హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా చచ్చాయంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. కప్లర్ టక్కుమని లాక్ పడిందా, సీటు కవరు తొడిగినప్పుడు కింది పసుపు కప్లర్ కదిలిందా చూడండి. స్కానర్ పెట్టి కోడ్ చదవండి. కారణం దొరక్కుండా కోడ్ చెరిపేయడం కూడా రెసిస్టర్ లాంటిదే.

పాత కారు కొనేవాళ్లు కూడా ఇందులో భాగం పంచుకోవాలి. కీ ఆన్ చేసినప్పుడు ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగనే లేదంటే బల్బు పీకేశారేమో చూడండి. మామూలుగా వెలిగి ఆరినా సరే, స్టీరింగ్ బయటిదైతే విప్పించి చూడందే బయానా ఇవ్వొద్దు.

ఇక మనం. ఈ వారమే మీ వీధిలో షెడ్లవాళ్లు, డెకార్ షాపులవాళ్లు ఓ సాయంత్రం కలిసి కూర్చోండి. రెసిస్టర్ పెట్టం, బల్బు పీకం, పేలిన బ్యాగ్ మూత అతికించం అని అందరూ ఒప్పుకుని ప్రతి షాపు ముందూ ఒకే బోర్డు రాయించండి. స్కానర్ కొనే స్థోమత లేని చిన్న షెడ్లకు స్కానర్ ఉన్నవాళ్లు తక్కువ డబ్బుకు చూసిపెట్టండి. కొత్తగా పనిలో చేరే ప్రతి కుర్రాడికీ మొదటి నెలలోనే పసుపు కప్లర్ చూపించి, ఇది దేనిదో, దీన్ని ఎందుకు ముట్టుకోకూడదో నేర్పండి.