లివర్ రిపోర్టులు సరే.. చేయి ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా? సిర్రోసిస్ రోగులకు ఈ పరీక్ష ఎందుకు ముఖ్యం?

లివర్ జబ్బుతో ఏళ్ల తరబడి ఆసుపత్రికి తిరిగేవారు మీ ఇంట్లో ఉంటే, వారి ఫైలు ఎంత లావుగా ఉంటుందో మీకు తెలుసు. బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్, స్కానింగ్, ఎండోస్కోపీ.. అన్నీ అందులో ఉంటాయి. ఒక్క ప్రశ్నకు మాత్రం చాలా ఫైళ్లలో జవాబు దొరకదు. ఈ మనిషి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవగలరా?

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ సిర్రోసిస్ ఉన్నవారు ఇన్ఫెక్షన్‌నో, శస్త్రచికిత్సనో తట్టుకుంటారా లేదా అన్నది రక్త పరీక్షల మీదే కాదు, వారి ఒంట్లో మిగిలిన కండ మీద కూడా ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని కాలేయ వైద్య నిపుణుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు, సిర్రోసిస్ రోగులందరిలో ఈ బలహీనతను పరీక్షించాలని చెబుతున్నాయి. ఆ పరీక్ష ఏమిటి? ఎలా చేస్తారు? మన దగ్గర అడిగి చేయించుకోవచ్చా? చూద్దాం.

లివర్‌కూ కండరాలకూ సంబంధం ఏంటి?

మనం తిన్న తిండిలోని శక్తిలో కొంత లివర్ గ్లైకోజన్ రూపంలో దాచిపెడుతుంది. రాత్రి నిద్రలో శరీరం వాడుకునేది దాన్నే. లివర్ గట్టిపడి సిర్రోసిస్‌గా మారాక ఈ నిల్వ బాగా తగ్గిపోతుంది. అందుకే సిర్రోసిస్ రోగి ఒక్క రాత్రి ఏమీ తినకుండా ఉంటే, ఆరోగ్యవంతులు రెండు మూడు రోజులు పస్తున్నంత పని అవుతుంది. నిల్వ లేనప్పుడు శరీరం కండను కరిగించి శక్తి తయారు చేసుకుంటుంది.

ఇంకో కారణం అమోనియా. దాన్ని శుద్ధి చేయాల్సిన లివర్ ఆ పని సరిగా చేయలేకపోతే, భారం కొంత కండరాల మీద పడుతుంది. రక్తంలో అమోనియా పెరిగేకొద్దీ కండరాల పెరుగుదల కూడా దెబ్బతింటుంది. అంటే కండ తగ్గితే అమోనియా పెరుగుతుంది, అమోనియా పెరిగితే కండ తగ్గుతుంది.

రిపోర్టుల్లో ఇది ఎందుకు కనబడదు?

లివర్ మార్పిడి కోసం ఎదురుచూసేవారిలో ఎవరి పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి వైద్యులు మెల్డ్ స్కోరు వాడతారు. బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ దీనికి ఆధారం. తర్వాత సోడియం కూడా చేర్చారు. చైల్డ్-పగ్ అనే మరో లెక్క ఉంది. ఈ రెండింటిలోనూ కండరాల బలానికి చోటు లేదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే పదార్థం. కండ తగ్గిన మనిషిలో క్రియాటినిన్ కూడా తక్కువగానే వస్తుంది. కాగితం మీద ‘కిడ్నీలు బాగున్నాయి’ అనిపిస్తుంది, మెల్డ్ స్కోరు కూడా తక్కువ పడుతుంది. అంటే మనిషి చిక్కిపోయిన కొద్దీ రిపోర్టు మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉందన్నమాట. ఆడవారిలో సహజంగానే కండ తక్కువ కాబట్టి ఈ లెక్కతో వారికి ఎక్కువ నష్టం జరుగుతోందని గుర్తించి, ‘మెల్డ్ 3.0’లో దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేశారు.

బరువు చూసి కూడా మోసపోవచ్చు. పొట్టలో నీరు చేరినవారికి కాళ్లూ చేతులూ సన్నబడుతున్నా తూకం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ‘బరువు తగ్గలేదు కదా’ అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. తూకం కంటే కణతలు, భుజాలు, తొడలు చూడటం మేలు.

పరీక్ష ఎలా చేస్తారు?

ఎక్కువగా వాడే పద్ధతి లివర్ ఫ్రెయిల్టీ ఇండెక్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ జెన్నిఫర్ లై బృందం 2017లో దీన్ని ప్రచురించింది. ఇందులో మూడే పనులు.

• పిడికిలి బలం: హ్యాండ్ గ్రిప్ డైనమోమీటర్ అనే చిన్న పరికరాన్ని వాటమైన చేత్తో గట్టిగా నొక్కాలి. మూడుసార్లు నొక్కించి సగటు తీసుకుంటారు.

• కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు.

• నిలకడ: పాదాలు పక్కపక్కన పెట్టి, తర్వాత ఒకటి కాస్త ముందుకు జరిపి, చివరగా ఒకదాని వెనక ఒకటి పెట్టి, ఒక్కో భంగిమలో 10 సెకన్ల పాటు నిలబడాలి.

ఈ వివరాలను ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వేస్తే స్కోరు వస్తుంది. 3.2 కంటే తక్కువైతే దృఢంగా ఉన్నట్టు. 4.5, ఆపైన వస్తే బలహీనంగా ఉన్నట్టు. మధ్యలో ఉంటే బలహీనత మొదలవుతోందని అర్థం. మొత్తం పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

అయితే ఈ కొలతలు అమెరికా రోగులను చూసి తయారు చేసినవి. ఆసియా దేశాలవారి శరీర తీరు వేరు. అందుకే ఆసియా నిపుణుల బృందం 2019లో వేరే హద్దులు సూచించింది. వాటి ప్రకారం పిడికిలి బలం మగవారిలో 28 కిలోల కంటే, ఆడవారిలో 18 కిలోల కంటే తక్కువైతే కండరాల బలం తగ్గినట్టు. కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కదలికల సామర్థ్యం తగ్గినట్టు. ఇవి లివర్ రోగులకే పెట్టినవి కావు, కండ క్షీణతను గుర్తించడానికి అందరికీ వాడేవి.

ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా ఉంది. 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలుస్తారు. మార్పిడి కోసం ఎదురుచూసేవారిలో 250 మీటర్లు కూడా నడవలేనివారికి ముప్పు ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. వేరే అవసరానికి తీసిన సీటీ స్కాన్ ఉంటే, నడుము దగ్గర మూడో వెన్నుపూస ఎదురుగా కండ ఎంతుందో అందులోనే లెక్కగట్టవచ్చు. దీనికోసమే కొత్తగా సీటీ తీయించుకోనక్కర్లేదు.

స్కోరు బాగోలేకపోతే మార్పిడి చేయరా?

చాలామందికి ఉండే భయం ఇదే. ఫ్రెయిల్టీ ఒక్కటే చూసి మార్పిడికి పనికిరారని తేల్చకూడదన్నది నిపుణుల మాట. దెబ్బతిన్న లివర్ వెంటనే బాగుపడకపోయినా, కండరాల బలాన్ని కొంతవరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే ముందుగా తెలియడం ముఖ్యం. శస్త్రచికిత్స వారం ఉందనగా తెలిస్తే చేయగలిగింది తక్కువ. ఆరు నెలల ముందు తెలిస్తే చాలా చేయొచ్చు.

ఏం తినాలి? ఏం చేయాలి?

కామెర్లు అనగానే మన ఇళ్లలో మొదలయ్యేది పథ్యం. పప్పు వద్దు, గుడ్డు వద్దు, మజ్జిగన్నమే గతి అంటారు. సిర్రోసిస్ రోగికి ఇది నష్టం చేస్తుంది. ప్రస్తుత మార్గదర్శకాలు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలంటున్నాయి. నీరు బరువు తీసేసి 60 కిలోలున్నవారికి ఇది 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది కాబట్టి పప్పు, పెరుగు, పనీర్, మీల్ మేకర్, చేప, చికెన్.. పూటపూటా ఏదో ఒకటి ఉండాల్సిందే. మెదడు మీద అమోనియా ప్రభావం పడి మగతగా ఉన్నవారికి కూడా ప్రొటీన్ పూర్తిగా ఆపాలన్న పాత పద్ధతిని ఇప్పుడు సిఫారసు చేయడం లేదు.

రాత్రి ఎనిమిదికి తిని పొద్దున తొమ్మిదికి టిఫిన్ చేస్తే మధ్యలో 13 గంటల పస్తు. పడుకునే ముందు దాదాపు 50 గ్రాముల పిండిపదార్థం ఉండేలా ఏదైనా తినమంటారు. రెండు చపాతీలు, గ్లాసు పాలు ఇంచుమించు సరిపోతాయి. షుగర్ ఉన్నవారు మాత్రం డాక్టర్‌ను అడిగి పరిమాణం నిర్ణయించుకోవాలి. పొట్టలో నీరున్నవారు ఉప్పు బిస్కెట్లు, మిక్చర్ జోలికి వెళ్లొద్దు. శనివారాలు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే అలవాటుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

‘విశ్రాంతి తీసుకో’ అంటూ మంచానికి పరిమితం చేయడమూ మంచిది కాదు. నడక, కుర్చీలోంచి లేవడం, తేలికపాటి బరువులు.. ఎవరి స్థితిని బట్టి వారికి వ్యాయామం ఉంటుంది. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బినవారు బిగబట్టి బరువులెత్తకూడదు. ఈమధ్య రక్తపు వాంతులైనా, మగత ఉన్నా డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. ఇంట్లో కుర్చీ పరీక్ష చేసి చూడాలనుకుంటే పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధ్యమేనా?

కేంద్రం 2018లో హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. హెపటైటిస్ బీ, సీలకు మందులు ఉచితంగా ఇస్తున్నారు. 2021లో ఫ్యాటీ లివర్‌ను జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్ వంటి ప్రభుత్వ రంగ ఆసుపత్రుల్లో లివర్ మార్పిడులు కూడా జరిగాయి. అంటే జబ్బు మొదట్లో పట్టుకోవడానికీ, చివర్లో శస్త్రచికిత్స చేయడానికీ ఏర్పాట్లున్నాయి. మనిషి కండ కరిగేది ఈ రెంటికీ మధ్య గడిచే సంవత్సరాల్లోనే.

ఈ పరీక్షకు కావాల్సింది ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచ్, ఒక డైనమోమీటర్. ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. అసలు చిక్కు ఇది ఎవరి పని అన్నదే. కిక్కిరిసిన ఓపీలో డాక్టర్ ఒక్కో రోగికి ఐదు నిమిషాలు అదనంగా కేటాయించడం కష్టం. కానీ బీపీ, బరువు చూసే నర్సుకో, ఫిజియోథెరపిస్టుకో అప్పగించి, ఓపీ చీటీలో ఒక గడి పెడితే సరిపోతుంది. గడి ఉంటే నింపాలన్న ఆలోచన వస్తుంది.

ఈలోగా మీరు ఏం అడగాలి?

వచ్చే అపాయింట్‌మెంట్‌లో ఈ నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

1. పిడికిలి బలం, కుర్చీ పరీక్ష ఇక్కడ చేస్తారా?
2. నీరు తీసేస్తే నా అసలు బరువెంత? దాని ప్రకారం రోజుకు ఎంత ప్రొటీన్ తినాలి?
3. నేను చేయదగ్గ, చేయకూడని వ్యాయామాలేంటి? ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపుతారా?
4. మళ్లీ ఎప్పుడు పరీక్షించుకోవాలి?

చివరిదానికి సాధారణ జవాబు ఇది: జబ్బు అదుపులో ఉంటే కనీసం ఏడాదికోసారి, పొట్టలో నీరు చేరడం వంటివి మొదలైతే రెండు మూడు నెలలకోసారి. వచ్చిన అంకెను తేదీతో సహా ఫైలు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. తర్వాతిసారి చూసే డాక్టర్‌కు, రెండు అంకెల మధ్య తేడాయే ఎక్కువ సంగతులు చెబుతుంది.