విజ్ఞానవిశేషములు: త్రుప్పు చెప్పెడు పూర్వగాథ

తడి తుడువక విడిచిన యినుపపెనమునకు మఱునాఁటికే త్రుప్పు పట్టుట మీరెల్లరు నెఱిఁగినదే. ఇనుము, నీరు, గాలియందలి ప్రాణవాయువు, ఈ మూఁడును గూడినపుడు త్రుప్పు పుట్టును. ఇట్టి త్రుప్పే యొకప్పుడు సముద్రములలోఁ బుట్టిన వింతను మేమీ మాసమున విన్నవింతుము.

భూమి పుట్టి సుమారు 454 కోట్ల సంవత్సరములైనది. అందు దాదాపు సగము కాలము గాలిలోఁ బ్రాణవాయువు లేదనియే చెప్పవచ్చును. సముద్రజలమున నినుము కరఁగి యుండెను. కంటి కగపడని నీలహరిత సూక్ష్మజీవులు సూర్యరశ్మిచే నాహారమును గల్పించుకొనుచుఁ బ్రాణవాయువును విడువసాఁగెను. అది నీటిలోని యినుముతోఁ గలియఁగా, త్రుప్పు పొరలుపొరలుగా నడుగునఁ బేరుకొనెను. నేఁటి యినుపరాతి గనులలోఁ బెక్కు లట్టి పొరలే. సుమారు 240 కోట్ల యేండ్ల క్రిందట నా వాయువు గాలిలోను నిలువఁజొచ్చెను.

మనకుఁ బ్రాణాధారమైన యీ వాయువు నాఁటి జీవులలో ననేకములకు విషమయ్యెను. గాలి సోఁకని తావులఁ జేరినవి బ్రతికెను. అట్టి జీవులు నేఁటికిని జెఱువుల యడుగు బురదలోను, మన ప్రేవులలోను గలవు.

కడపజిల్లా వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్లలో సూక్ష్మజీవులు గట్టిన పొరలు నేఁడును గానవచ్చును. వానికిఁ బైపొరలలోఁ జొచ్చిన పులివెందుల నల్లరాతి వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములు. కావున నీ సున్నపురాళ్లంతకంటెను బ్రాచీనములు.

ఇఁక పెనము తోమునపుడు త్రుప్పును జూచి విసుగుకొనక, చెంతనున్న బిడ్డల కీ గాథ వినిపింపుఁడని మా మనవి.