ఆకలితో పెరిగే నాచు

మన ఊళ్ళలో చెరువు పచ్చగా మారితే కారణం వెతకడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. పొలాల నుండి ఎరువు కొట్టుకొచ్చి ఉంటుంది, లేదా మురుగు కాలువ వచ్చి కలుస్తూ ఉంటుంది. నీటిలో పోషకాలు పెరిగితే నాచు పెరుగుతుంది, తగ్గితే అదీ తగ్గుతుంది. ఇది అనుభవం నేర్పిన సూత్రం. శాస్త్రమూ చాలావరకు దీనినే సమర్థిస్తుంది. అయితే ఈ సూత్రానికి ఎదురు నడిచే సూక్ష్మజీవి ఒకటి ఉంది. నీరు ఎంత చల్లగా, ఎంత నిర్మలంగా, ఎంత పేదగా ఉంటే అది అంత దట్టంగా ఏటి అడుగును కప్పివేస్తుంది. ఈ నెల దానిని పరిచయం చేసుకుందాం.

దాని పేరు డిడిమోస్ఫీనియా జెమినేటా. పలకడానికి ఇబ్బందిగా ఉన్న ఈ పేరును న్యూజిలాండ్ ప్రజలు ‘డిడిమో’ అని కుదించుకున్నారు. మనమూ అలాగే పిలుద్దాం. ఇది డయాటమ్ అనే ఏకకణ శైవలాల వర్గానికి చెందినది. భూమిపై ఏటా కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు ఐదో వంతు డయాటమ్‌లదేనని అంచనా. ప్రతి డయాటమ్ సిలికాతో, అంటే గాజుకు మూలమైన పదార్థంతో, తన చుట్టూ ఒక పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకు మూత ఉన్న డబ్బీలా రెండు భాగాలుగా ఉంటుంది. కణం విభజన చెందినప్పుడు పిల్ల కణాలు చెరొక భాగాన్ని పంచుకుంటాయి. తమకు దక్కిన దానిని మూతగా ఉంచుకుని, అందులో ఇమిడే అడుగు భాగాన్ని కొత్తగా తయారు చేసుకుంటాయి. అందువల్ల అడుగు భాగం దక్కిన సంతతి తరతరానికీ కొద్దికొద్దిగా చిన్నదవుతూ పోతుంది. చివరకు లైంగిక ప్రత్యుత్పత్తి జరిగినప్పుడే మళ్ళీ పూర్వపు పరిమాణం వస్తుంది.

డయాటమ్‌లలో డిడిమో ఒక భారీకాయం. పొడవు మిల్లీమీటరులో సుమారు పదో వంతు. నడుము దగ్గర ఉబ్బి, రెండు కొసలా గుండ్రని తలలతో, ఒక తల రెండో దానికంటే వెడల్పుగా, సూక్ష్మదర్శినిలో పాతకాలపు సీసాలా కనిపిస్తుంది. సన్నని కొసన ఉన్న అతి సూక్ష్మ రంధ్రాల గుండా అది ఒక జిగురు పదార్థాన్ని స్రవిస్తుంది. అదే గట్టిపడి కాడగా మారి కణాన్ని రాతికి కట్టి ఉంచుతుంది. కణం రెండైతే కాడ కూడా రెండుగా చీలుతుంది. ఇలా చీలుతూ, అల్లుకుంటూ పోయిన కాడలు ఒక్కొక్కచోట జానెడు మందాన రాళ్ళపై పరుచుకుంటాయి. ఆ పరుపులో అత్యధిక భాగం కాడలే. ప్రాణమున్న కణాలు పైపొరలో ఉంటాయి. ఆంగ్లం మాట్లాడే జాలరులు దీనికి ‘రాతి చీమిడి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చూపుకు అలాగే ఉంటుంది కానీ, చేతితో తాకితే జిగట ఉండదు, తడిసిన ఉన్నిలా తగులుతుంది.

డెన్మార్క్‌కు చెందిన మతబోధకుడు, వృక్షశాస్త్రజ్ఞుడు లింగ్‌బీ 1819లోనే దీనిని ఫారో దీవుల నుండి వర్ణించాడు. ఐరోపా, ఉత్తర అమెరికా చల్లని ఏరులలో ఇది ఎప్పటినుండో ఉంది. మన హిమాలయ నదుల్లోనూ నమోదైంది. వెచ్చగా పారే గోదావరి, కృష్ణలు దీని నెలవు కావు. 1980ల చివర కెనడాలోని వాంకూవర్ దీవి నదుల్లో ఇది హఠాత్తుగా పరుపులు కట్టసాగింది. 2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని దిగువ వైయావు నదిలో బయటపడింది. అక్కడ అది కొత్త ప్రాణి. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దక్షిణ దీవి మొత్తాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించవలసి వచ్చింది.

ఇది విషం విడుదల చేయదు. కానీ రాళ్ళ సందుల్లో నివసించే కీటకాల సమతూకాన్ని తారుమారు చేస్తుంది. పెద్దవైన రాతి ఈగల వంటివి తగ్గి, సన్నని పురుగులు పెరుగుతాయి. ఆ కీటకాలపై ఆధారపడిన చేపల ఆహారమూ మారుతుంది. కాలువల జల్లెడలు పూడుకుపోతాయి.

ఇంత దట్టంగా పెరిగే జీవికి ఆహారం ఎక్కడిది? పరిశోధకులను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇదే. కెనడాకు చెందిన మాక్స్ బోత్‌వెల్, న్యూజిలాండ్‌కు చెందిన క్యాథీ కిల్‌రాయ్ నది ఒడ్డున కృత్రిమ కాలువలు కట్టి, వాటిలోకి భాస్వరం కలిపి చూశారు. కణాలు చురుకుగా విభజన చెందాయి. కాడలు మాత్రం పొట్టివయ్యాయి. కిటుకు అక్కడే ఉంది. నీరు తేటగా ఉన్నందువల్ల ఎండ అడుగుదాకా చేరుతుంది; కణం పిండిపదార్థాన్ని తయారు చేసుకుంటూనే ఉంటుంది. విభజనకు కావలసిన భాస్వరం మాత్రం దొరకదు. సంతతిగా మారలేని ఆ పిండిపదార్థమంతా కాడగా బయటికి వస్తుంది. భాస్వరం లీటరు నీటికి సుమారు రెండు మైక్రోగ్రాముల కంటే తగ్గినచోట ఈ పరుపులు ఏర్పడతాయి. మనం కళ్ళతో చూసే ఆ విస్తారమైన పెరుగుదల కరువుకు గుర్తు.

ఇక్కడే వివాదం మొదలైంది. ఉత్తర అమెరికాలో చాలాకాలం నింద జాలరుల బూట్ల మీదే పడింది. ఫెల్ట్ అడుగు ఉన్న బూట్లు నీటిని పీల్చుకుని, కణాలను ఒక ఏటి నుండి మరో ఏటికి మోస్తాయని కొన్ని రాష్ట్రాలు వాటిని నిషేధించాయి. కానీ క్విబెక్‌లో 2006లో పరుపులు కనిపించిన మాటాపెడియా నదీ పరీవాహకంలోనే, ఒక సరస్సు అడుగు మట్టిలో అంతకు దశాబ్దాల ముందటి పొరల్లో డిడిమో గాజు పెంకులు దొరికాయి. అంటే జీవి పాతదే, మారింది నీరు. మంచు ముందుగా కరగడం, గాలి ద్వారా నేలపై పడే నత్రజని ఎక్కువవడం, సముద్రం నుండి ఎదురీది వచ్చి ఏటిలో మరణించి భాస్వరాన్ని మిగిల్చే సాల్మన్ చేపలు తగ్గడం వంటి కారణాలను బోత్‌వెల్, బ్రాడ్ టేలర్ ముందుకు తెచ్చారు. వీటిలో ఏది ఎంత అన్నది నదిని బట్టి తేల్చవలసిన విషయం. ఒక్క జాలరి బూటును దోషిగా నిలబెట్టడం సులువు. వాతావరణాన్ని బోనులో నిలబెట్టడం అంత సులువు కాదని మేము అనుకుంటున్నాము.

అయితే ఈ వాదనను న్యూజిలాండ్‌కు వర్తింపజేయరాదు. అక్కడ అది బయటి నుండి వచ్చినదే. ఉత్తర దీవి నదులకు చేరకుండా కాపాడుకోవాలంటే మనుషుల జాగ్రత్తే ఆధారం. అందుకే అక్కడ 2008 నుండి ఫెల్ట్ బూట్లు నిషిద్ధం. ఒక ఏరు దాటి మరో ఏటిలో దిగేవారు తమ సామాను పరిశీలించుకుని, పాత్రల సబ్బునీటితో శుభ్రం చేసుకోవాలి, లేదా పూర్తిగా ఆరిన తరువాత మరో 48 గంటలు ఎండనివ్వాలి. అమెరికాలోని దక్షిణ డకోటాలో రాపిడ్ క్రీక్ అనే ఏటిలో మరో మార్గం పరీక్షించారు. నీటిలో ఎరువు ద్వారా భాస్వరం కలిపితే పరుపు పలుచబడింది. ఆ ప్రయోగం ఫలించినా, తేట నీటి ఏటిలో తెలిసి తెలిసి ఎరువు పోయడానికి ఎన్ని చేతులు ముందుకు వస్తాయో చూడాలి.