పెన్సిలు గీతకు నిలిచినదంతా వజ్రమా?

కొత్త కారు కొనేవాడిని ముందు భయపెట్టి, ఆ తరువాత అభయమివ్వడం మన షోరూముల్లో ఒక కళగా స్థిరపడింది. ఎండ భయం, వాన భయం, పక్షిరెట్ట భయం, గీతల భయం. అన్నిటికీ ఒకటే తాయెత్తు, సిరామిక్ కోటింగు. ఒకప్పుడు ఆ పీఠం మీద టెఫ్లాన్ కూర్చునేది. దేవుడు మారాడు గాని పూజారీ మారలేదు, దక్షిణా తగ్గలేదు. వేలకు వేలు పోసి కట్టించుకుంటున్న ఈ తాయెత్తులో ఏముందో ఒకసారి విప్పి చూడాలి.

మొదట టెఫ్లాన్ సంగతి. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న ఈ పదార్థపు ప్రత్యేకతే దేనికీ అంటుకోకపోవడం. పెనానికి దాన్ని పట్టించాలంటే లోహాన్ని గరుకు చేసి, అది కరిగే 327 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడిలో కాల్చాలి. అంత వేడి తగిలితే కారు రంగు మాడిపోతుంది. మరి గుడ్డతో రుద్ది ఆరబెట్టినంత మాత్రాన అది రంగుకెలా అతుక్కుంటుంది? అతుక్కోదు. కనిపించే మెరుపంతా దానితో కలిపిన మైనానిదీ, రెజిన్లదీ.

సిరామిక్ అంత బూటకం కాదు. సిలికా సంబంధమైన ఆ ద్రవం రంగు మీద గట్టిపడి నిజంగానే అంటుకుంటుంది. మురికి తేలికగా వదులుతుంది, మెరుపు ఏడాదో రెండేళ్ళో నిలుస్తుంది. ఇంతవరకే చెప్పి అమ్మితే పేచీ లేదు. "9హెచ్ కాఠిన్యం సార్, గీత పడదు" అనే చోటే నా అభ్యంతరం.

వజ్రానిది పది అయితే తొమ్మిది దాని తమ్ముడే కదా అనుకుంటాడు వినేవాడు. 1812లో ఫ్రెడరిక్ మోస్ కట్టిన ఖనిజాల మెట్లలో వజ్రానిది 10వ మెట్టన్న మాట నిజమే. కాని ఈ తొమ్మిది ఆ మెట్లలోది కాదు, పెన్సిళ్ళ లెక్కలోది. గట్టి పెన్సిలుతో గీసినా గీత పడలేదని దాని అర్థం, అంతే. పెన్సిలు ములుకంటే గ్రాఫైటూ బంకమన్నూ. మన హైదరాబాదు వీథుల్లో ఎగిరేది పెన్సిలు పొడి కాదు, దక్కను గ్రానైటు అరిగిన ఇసుక. అందులోని క్వార్ట్జు మోస్ మెట్లలో 7వది. కిటికీ అద్దాన్నే గీయగలదు. దాని ముందు ఒకటి రెండు మైక్రానుల పూత ఏపాటిది? ఫ్యాక్టరీ రంగే మొత్తం మీద వంద మైక్రానులకు కాస్త అటూ ఇటూ. అందులో పైనున్న పారదర్శకమైన పొర నలభై యాభై మైక్రానులు. రాయి తగిలితే ఓర్చుకోగలిగినది 150 నుంచి 200 మైక్రానుల పాలీయురిథేన్ ఫిల్ము, అంటే పీపీఎఫ్ మాత్రమే. కారంతా కప్పిస్తే దాని ఖర్చు బాగా ఎక్కువ.

పూతకు ముందు యంత్రంతో పట్టే పాలిష్ మరో అన్యాయం. పాలిష్ అంటే అరగదీయడమే. కొత్త కారుకు మూడు దశల పాలిష్ పట్టడమంటే, రక్షిస్తామన్న పొరనే ముందుగా తరగడం. తరిగినది తిరిగి రాదు.

ఇక బానెట్ మీద నీటిబిందువులు ముత్యాల్లా దొర్లే ప్రదర్శన. చూడముచ్చటే. కాని మన బోరునీళ్ళు సున్నపునీళ్ళు. ఆ ముత్యాలను ఎండలో ఆరనిస్తే ఒక్కొక్కటీ ఒక తెల్లమచ్చగా మిగులుతుంది. పూత ఉన్న కారును వెంటనే తుడవాలన్న మాట అమ్మేవాడు చెప్పడు.

నన్ను అన్నిటికన్నా బాధించేది వేరొకటి. అపార్టుమెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్ళతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే మనిషి ఉంటాడు. ముందరి కారు ఇసుకే తరువాతి కారుకు గీతల ముగ్గు. యజమాని ముప్పై వేల పూతకు వెనుకాడడు. ఆ మనిషికి రెండో బకెట్టూ, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలూ కొనివ్వడానికి చేయి రాదు. గీతలు కనబడిన నాడు తిట్లు మాత్రం ఆయనకే. షోరూములో సగౌరవంగా మోసపోయి, ఇంటికొచ్చి పేదవాడి మీద విరుచుకుపడడం ఏమి న్యాయం?

కనుక వరుస తిరగవేయండి. మొదట కడగడం సరిచేయండి: దుమ్మును పొడిగుడ్డతో తుడవకుండా ముందు నీటితో వదిలించి, ఒక బకెట్టులో షాంపూ, మరొకదానిలో గుడ్డ జాడించే నీళ్ళు పెట్టండి. రెట్ట పడితే ఎండకు కాలకముందే తడిగుడ్డతో నానబెట్టి తీయండి. అందులోని యూరిక్ ఆమ్లం వారం ఆగదు. రెండు మూడు నెలలకొకసారి మైనం పట్టించండి. హైవే ప్రయాణాలు ఎక్కువైతే ముందు బంపరుకూ, బానెట్ అంచుకూ ఫిల్ము వేయించండి. ఇవన్నీ చేసి ఇంకా డబ్బూ, ముచ్చటా మిగిలితే సిరామిక్ వేయించుకోండి, ఎవరు వద్దన్నారు?

సంతకం పెట్టేముందు మాత్రం వారంటీ కాగితంలో "వర్తించనివి" అన్న భాగం చదవండి. గీతలూ, రాతిదెబ్బలూ, నీటిమచ్చలూ అందులో ఉంటే, మీరు భయపడ్డవన్నీ ఆ జాబితాలోనే ఉన్నట్టు. అప్పుడు దేనికి వెల కడుతున్నారో ఆ అమ్మేవాడినే అడగండి.