ముఖ మార్పిడి: అవసరమా, అలంకారమా?

మరణించినవారి మూత్రపిండాన్ని మరొకరికి అమర్చారంటే నేడు మనం ఆశ్చర్యపోము. ముఖాన్ని అమర్చారంటే మాత్రం మనసు జంకుతుంది.

2005 నవంబరులో ఫ్రాన్సులోని అమియా నగరంలో వైద్యులు తొలిసారి ఈ చికిత్స చేశారు. కుక్క దాడిలో ముక్కు, పెదవులు, గడ్డం కోల్పోయిన 38 ఏళ్ల మహిళకు ఒక మృతురాలి ముఖభాగాలను అమర్చారు. 2012లో తుర్కియేలోని అంతల్యాలో, పసితనంలో మంటల్లో ముఖం కాలిపోయిన యువకునికి పూర్తి ముఖాన్నే అమర్చారు.

ఇది కేవలం అందం కోసమే అనుకోవడం పొరపాటు. నమలడం, మాట్లాడటం, కనురెప్ప మూయడం శరీరానికి మౌలికమైన పనులు. ప్రాణరక్షణకే గాక, ఇటువంటి మౌలిక విధుల కోసం కూడా మృతుని అవయవాన్ని స్వీకరించవచ్చునని 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. మృతుడు జీవించి ఉండగా గాని, అనంతరం వారసులు గాని అనుమతించి ఉండాలని షరతు విధించింది. అవయవ విక్రయాన్ని నిషేధించింది. దీనితో ఏకీభవించని ధర్మపండితులూ ఉన్నారు.

యుద్ధంలో ముక్కు కోల్పోయిన సహాబీ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకోగా దుర్వాసన వచ్చింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, దైవప్రవక్త (సఅసం) ఆయనకు బంగారు ముక్కును అనుమతించారు. వైకల్యాన్ని సరిదిద్దుకోవడం వేరు, సోకు కోసం అల్లాహ్ సృష్టిని మార్చడం వేరు.

అయితే ఈ చికిత్సకు మూల్యం అధికం. రోగనిరోధక శక్తిని అణచే మందులు జీవితాంతం వాడాలి. వాటివల్ల అంటురోగాలు, క్యాన్సర్ ముప్పు పెరుగుతాయి. ఆ ఫ్రెంచి మహిళ పెదవుల కదలికను కొంత తిరిగి కోల్పోయి, 2016లో మరణించారు. ఆరోగ్యంగా ఉన్నా ముఖం కోల్పోయిన వ్యక్తి ఈ ప్రమాదాలన్నీ తెలుసుకున్న తరువాతనే సమ్మతించాలి.

దాత కుటుంబం మాటేమిటి? కడసారి ముఖం చూసి వీడ్కోలు పలకడం మన ఇళ్లలో వాడుక. కనుక ఇతర అవయవాలకిచ్చిన అనుమతిని ముఖానికి వర్తింపజేయరాదు, విడిగా అడగాలి. అంగీకరించనివారిని నిందించరాదు. గ్రహీత రూపం అతని ఎముకల తీరును అనుసరించి మారుతుంది గనుక, దాత పోలిక అచ్చంగా రాదని కూడా వారికి వివరించాలి.

ఈ చికిత్స అందేది కొందరికే. కాలిన ముఖంతో మన బంధువర్గంలో ఉన్న ఆడపిల్లను వేడుకకు పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టడానికి మాత్రం ఏ శస్త్రచికిత్సా అక్కరలేదు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.