మానేయాల్సిన వాటిలో ఇంకొకటా?

ఆరోగ్యం గురించి పెట్టుకునే సమావేశాల్లో గర్భసంచి ఆపరేషన్ల గురించి, తెల్లబట్ట గురించి జంకు లేకుండా మాట్లాడే స్త్రీలు కూడా ఒక విషయం దగ్గర నవ్వేసి తప్పుకుంటారు. “జంతికల డబ్బా తీశానంటే ఖాళీ అయ్యేదాకా లేవను” అంటారు. ఆ నవ్వు వెనక ఉన్నది సిగ్గు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో దీపం వేయకుండా, నిలబడి, రుచి కూడా తెలియనంత వేగంగా తినడం, ఆ తర్వాత తనని తాను అసహ్యించుకోవడం. ఇంట్లోవాళ్ళు దీన్ని తిండిపోతుతనం అంటారు. వైద్యశాస్త్రం బింజ్ ఈటింగ్ అంటుంది. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1959లోనే దీన్ని వర్ణించినా, విడి జబ్బుగా అక్కడి సైకియాట్రిస్టుల సంఘం గుర్తించింది 2013లో. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలల పాటు అదుపు తప్పి తినడం, దాని గురించి తీవ్రంగా బాధపడటం ముఖ్య లక్షణాలు. పండగనాడు రెండు బొబ్బట్లు ఎక్కువ తినడం జబ్బు కాదు.

దీనికి తరచుగా వినిపించే సలహా: మిమ్మల్ని ఉసిగొలిపే తిండి ఏదో గుర్తించండి, దాన్ని పూర్తిగా మానేయండి. 1960లో లాస్ ఏంజెల్స్‌లో మొదలైన ఓవర్ఈటర్స్ అనానిమస్, తాగుడు మానడానికి పెట్టుకున్న బృందాల పద్ధతినే తిండికి అన్వయించింది. దానివల్ల మేలు జరిగిందని చెప్పేవాళ్ళున్నారు, కాదనను. కానీ 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారాని ఊళ్ళోంచి తరిమారు. మూడు పూటలా వండి వడ్డించాల్సిన మనిషి తిండిని ఎక్కడికి తరుముతుంది?

గుర్తించడం, మానేయడం ఒకటి కాదు. నా అభ్యంతరం రెండో దానితోనే. ఒక రెండు వారాలు ఏం తిన్నామో, ఏ వేళకి తిన్నామో, అంతకు ముందు తిని ఎంతసేపయిందో, ఆ క్షణాన మనసులో ఏముందో రాసుకుంటే చాలాసార్లు దోషి జంతిక కాదని తేలుతుంది. పొద్దున్న కాఫీ తాగి మధ్యాహ్నం మూడింటిదాకా ఏమీ తినకపోవడమో, మొగుడి మాటకి బదులు చెప్పలేక మింగుకున్న కోపమో బయటపడుతుంది.

ఆకలి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులని ఆరు నెలల పాటు అర్ధాకలితో ఉంచాడు. పగలూ రాత్రీ వాళ్ళ ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి. మళ్ళీ తిండి దొరికాక కొందరు కడుపు పగిలేలా తిన్నారు, అయినా తృప్తి లేదన్నారు. వాళ్ళంతా మగవాళ్ళే. మనోబలం లేని ఆడవాళ్ళని వాళ్ళని ఎవరూ అనలేదు! ఇంగ్లండులో క్రిస్టఫర్ ఫేర్‌బర్న్ రూపొందించిన చికిత్స కూడా వేళకి తినడంతోనే మొదలవుతుంది: మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం. అది కుదిరాక, భయంతో దూరం పెట్టిన తిండిని కొద్దికొద్దిగా మళ్ళీ తినమంటారు.

మన ఇళ్ళలో ఇదంత సులువా? శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారం ఉపవాసం, మిగతా రోజుల్లో అందరి తర్వాత, అడుగున మిగిలింది. వితంతువులకి రాత్రి అన్నం, ఉల్లి, వెల్లుల్లి నిషేధించిన ఇళ్ళున్నాయి. స్త్రీ నోరు కట్టేయడాన్ని పుణ్యంగా మార్చిన పితృస్వామ్యం ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే ఒంట్లో ఉంటాయి. అలాంటి మనిషికి “ఇది కూడా మానెయ్” అని చెప్పడం ఉపవాసాల పట్టికలో ఇంకొక వారం చేర్చడమే.

అలాగని తప్పంతా మనసుదీ, కుటుంబానిదీ కాదు. ఫ్యాక్టరీ తిండి మాట వేరు. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూస్తే, ఫ్యాక్టరీ తిండితో రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. కాబట్టి ఎవరైనా తనంతట తానుగా కొన్నాళ్ళు చిప్సు ప్యాకెట్లు ఇంట్లో పెట్టుకోనంటే నాకు అభ్యంతరం లేదు. ముందు మూడు పూటలా కడుపు నిండాలి, నిర్ణయం ఆమెది కావాలి. (షుగరుకి డాక్టరు చెప్పిన పథ్యం సంగతి వేరు, దాన్ని దీంతో కలపకూడదు.) ఉమ్మడి కుటుంబంలో డబ్బాలో ఏముండాలో తేల్చేది చాలాసార్లు ఆమె కాదన్నది మరో చిక్కు.

2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంట్లో పెద్దామెనే కుటుంబ పెద్దగా రాయమంది. కార్డు మీద మొదటి పేరు ఆమెది, విస్తరి మాత్రం ఇంకా చివరిదే. మన సంస్థల శిక్షణా శిబిరాల్లోనూ టీ బిస్కట్లతో నెట్టుకొచ్చి మూడింటికి భోజనం పెట్టే అలవాటుంది, అది ఈ నెలే మార్చుకోవచ్చు. చికిత్స కూడా హక్కే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవలు పొందే హక్కు అందరికీ ఇచ్చింది, 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కి తెలుగులో మాట్లాడవచ్చు. వెంట వెళ్ళే కార్యకర్త అక్కడ ఆమె బరువు గురించి కాదు, అదుపు తప్పుతోందన్న ఆమె బాధ గురించి చెప్పాలి.